చెవి తిప్పని తాళం

తాళం వేసి లేదు. ఇనప పుల్ల కన్నంలోకి పోనిచ్చానో లేదో వేళ్ళకు తెలిసిపోయింది. లోపలి నాలుక వెనక్కి ముడుచుకునే ఉంది, పైన వంకీ గొళ్ళెంలోంచి దూరి ఊరికే బిగుసుకు కూర్చుంది, చిటికెన వేలితో లాగినా చేతిలోకి వచ్చేస్తుంది. లాగలేదు. ఎందుకు లాగలేదో నాకే తెలియదు, లాగడానికేగా పొద్దున్నే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చింది, లాగడానికేగా ఇన్నాళ్ళూ కోర్టు మెట్లు ఎక్కి దిగింది. నా వెనక కోర్టు అమీను గారు వారంటు కాగితం మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని నిలబడ్డారు, ఆయన వెనక ఇద్దరు పోలీసులు, ఎదురు దుకాణం గుమ్మంలో టైలరు, వీధి మలుపులో మా బావమరిది తెచ్చి నిలబెట్టిన గోడలు కూల్చే యంత్రం. నేను తలుపు తీసి లోపల అడుగు పెడితే దుకాణం నా స్వాధీనమైనట్టు అమీను గారు రాసుకుంటారు, ఆ వెంటనే యంత్రం కదులుతుంది, నాన్న దుకాణమూ దాని వెనక అక్క ఉంటున్న గదీ సాయంత్రానికల్లా నేలమట్టం. అక్క పై కోర్టులో ఉంది, ఇదంతా ఆపమని అడగడానికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ తాళం తగిలించింది, చెవి తిప్పలేదు. ఊరందరికీ తాళాలు చేసిపెట్టే మనిషి తన తలుపుకి తాళం వేసుకోకుండా వెళ్ళింది. నేనేమో వేయని తాళాన్ని తీయడానికి నానా తంటాలూ పడుతున్నట్టు మొహం పెట్టి మెట్టు మీద మోకాళ్ళూని కూర్చున్నాను.

మరిచిపోయిందా? అక్క మరిచిపోదు. గదిలో దీపం ఆర్పిందో లేదో చూడటానికి వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. కంగారులోనా? కావచ్చు, ఇల్లు పోతుందంటే ఎవరికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. కానీ ఇది మా ఇంటి అలవాటు కదా, అక్కడే నా బుర్ర పనిచేయడం మానేసింది. మా ముగ్గురికీ ఒకటే తాళంచెవి ఉండేది. ఇంకోటి చేసుకోవడం నాన్నకు చిటికెలో పని, చేయలేదు, ఊళ్ళోవాళ్ళ చెవులు చేయడంతోనే సరిపోయేది. అందుకని ఇంకా ఇంటికి రావాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే తాళం తగిలించడమే, చెవి తిప్పకూడదు. "చూసేవాడికి వేసినట్టే ఉంటుంది, మనవాడికి తెలుస్తుంది" అనేవాడు నాన్న. నేను ఆట ఆడి ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ ఈ మెట్టు మీద నిలబడి, ఈ తాళాన్నే, ఇలాగే ఒక్క గుంజు గుంజేవాణ్ణి, వచ్చేసేది, లోపల అక్క ఆకురాయి పట్టుకుని ఇనుము రుద్దుతూ తల కూడా ఎత్తకుండా "వచ్చావా, దొరగారూ" అనేది. తాళాలవాడి ఇంటికి తాళం లేదని తెలిస్తే ఊరు నవ్వేది. ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసినవాళ్ళం ఇద్దరమే, అందులో ఒకరు కోర్టులో ఉన్నారు, ఇంకొకరు తలుపు దగ్గర ఉన్నారు. మరి ఇది నా కోసమే వదిలి వెళ్ళిందా? కేసు వేసి గెంటేయడానికి వచ్చినవాడి కోసమా? ఇంకా రావాల్సినవాళ్ళ లెక్కలో నేను ఉన్నానా?

"ఏం మేస్త్రీ, మొండికేసిందా?" అన్నారు అమీను గారు. పెద్దమనిషి, మాట మెత్తన, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. టైలరు స్టూలు తెచ్చి వేస్తే కూర్చుని బూట్లు వదులు చేసుకుంటున్నారు.

"నాన్న చేతి తాళమండీ. మామూలు తాళం కాదు" అన్నాను.

"కానివ్వండి, కానివ్వండి. తొందరేం లేదు" అన్నారు. ఆయనకు తొందర లేదు, బావమరిదికి ఉంది. నాన్న చేతి తాళం మీద సుత్తి పడనివ్వను, నేనే తీస్తాను అని నిన్న ఇంట్లో అందరి ముందూ గొప్పగా అన్నది నేనే. నా భార్య కూడా మెచ్చుకున్నట్టు చూసింది. ఎవరు అనమన్నారు నన్ను? పగలగొట్టడానికి ఎవణ్ణో పెట్టేసి ఉంటే ఈపాటికి గొడవ వదిలేది, వాడు సుత్తి ఎత్తే లోపే తాళం ఊడి పడేది, అందరూ నవ్వేవాళ్ళు, నేను మలుపు దగ్గర తల తిప్పుకుని నిలబడి ఏమీ చూడకుండా గడిపేవాణ్ణి. నా నోరే నాకు శత్రువు. కేసు కూడా నోటితోనే మొదలైంది కదా. నాన్న పోయాక వీలునామా చదివారు, "నా పని ఎవరి చేతికి వచ్చిందో ఆ బిడ్డకు దుకాణం" అని ఉంది, అంతే, పేరు లేదు. నాన్నకు ఎదుటివాడు తికమకపడితే చూడటం సరదా, తాళాలకు ఉత్తుత్తి కన్నాలు పెట్టేది అందుకే. పోతూ పోతూ మాకూ ఒకటి పెట్టి పోయాడు. "ఆ బిడ్డ నేనే" అన్నాను, అందులో తప్పేముంది? "అవునురా, నువ్వు కూడా" అంది అక్క. కూడా అన్నది. అది నాకు ఎక్కడ తగిలిందో, తగలరాని చోట తగిలింది.

నాకు కావాల్సింది తీర్పు. అమలు కాదు. ఇప్పుడు ఇలా చెబితే ఎవరైనా ముఖాన ఉమ్ముతారు, కానీ నిజం అదే, లేకపోతే అదే నిజమని ఇప్పుడు అనిపిస్తోంది, రెండింటిలో ఏదో. నల్లకోటు జడ్జి ఎత్తు కుర్చీలో కూర్చుని, పని ఇతని చేతికే వచ్చింది అని పదిమందిలో చదవాలి, అక్క వినాలి, అంతవరకే ఊహించుకున్నాను. చదివారు. అక్క వింది. బోనులో నిలబడి అక్క, నాన్న చేతులు వణకడం మొదలయ్యాక ఆయన పేరు మీద బయటికి వెళ్ళిన ప్రతి తాళం నేనే చేశాను అని చెప్పింది, ఎవరు చూశారమ్మా అని మా వకీలు అడిగాడు, తలుపు మూసుకుని చేసేదాన్ని, నాన్న పరువు కోసం అంది, సాక్షి లేదు కాబట్టి నమ్మలేదు. నేను నమ్మానా? ఆ రోజు నమ్మలేదు. ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే ముద్ద దిగలేదు. ఆ కాగితం పటం కట్టించి గోడకు తగిలించుకుంటే చాలనుకున్నాను, కానీ తీర్పు గోడ మీద ఉండదట, దానికి కాళ్ళుంటాయి, నడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడుతుంది. బావమరిది ఆ కాళ్ళకు చెప్పులు కూడా కొనిపెట్టాడు. పాతది కూల్చి కొత్తది కట్టిస్తాను బావా, అద్దాల తలుపు పెడదాం అన్నాడు, ఆ అనడం అనడం యంత్రం తెచ్చేశాడు. నేను వద్దనలేదు. సరే అన్నానా? అదీ గుర్తు లేదు. తల ఊపాను కాబోలు.

అక్క అప్పీలు వేసిందని విన్న రోజు, అమ్మయ్య అనుకున్నాను. గెలిచినవాడు అనుకోవాల్సిన మాటేనా అది? అప్పీలు వేసిందిగా, ఇక అన్నీ ఆగిపోతాయి, పై కోర్టువాళ్ళు తేల్చేదాకా నేను గెలిచినవాడిగానే తిరగొచ్చు, అక్క అక్కడే ఉండొచ్చు అనుకుని హాయిగా నిద్రపోయాను. మర్నాడు వకీలు నవ్వాడు. "అప్పీలు వేసినంత మాత్రాన ఏదీ ఆగదు. స్టే తెచ్చుకుంటేనే ఆగుతుంది. స్టే ఊరికే ఇవ్వరు. తర్వాత తిరిగి తెచ్చుకోలేని నష్టం జరుగుతుందని చూపించాలి, ఆలస్యం చేసి ఉండకూడదు, పూచీకి ఎవరో ఒకరు నిలబడాలి. ఇవ్వడమూ మానడమూ జడ్జి గారి చేతిలో ఉంది" అన్నాడు. తీర్పిచ్చిన కోర్టే మొదట కొంత గడువిచ్చిందట, పై కోర్టుకు వెళ్ళమని, అక్క ఆ గడువంతా ఆకురాయి పట్టుకుని కూర్చుంది, ఎవరికో బీరువా తాళం ఇస్తానని మాటిచ్చిందట. ఆలస్యం చేయకూడదు అని వకీలు అంటుంటే లోపల అక్కను తిట్టుకున్నాను, బుద్ధుందా, వెళ్ళి స్టే తెచ్చుకోక బీరువా తాళమేమిటి అని. నా మీద స్టే తెచ్చుకోవడంలో ఆలస్యం చేసిందని నాకు అక్క మీద కోపం. ఎవరికైనా చెబితే పిచ్చాసుపత్రికి దారి చూపిస్తారు.

పుల్ల తిప్పుతున్నాను. టక్కుమన్నట్టు వినబడాలని గోటితో ఇత్తడి మీద కొడుతున్నాను. వేయని తాళం తీయడం అంత కష్టమైన పని ఇంకోటి లేదు, ప్రతి కదలికా చూసేవాడికి తీస్తున్నట్టుండాలి, అసలు తీయకూడదు, వంకీ జారకుండా ఎడమ బొటనవేలితో నొక్కి పెట్టాలి, నొక్కుతున్నట్టు కనబడకూడదు. బొటనవేలు తిమ్మిరెక్కింది. గొళ్ళెం పక్కన చెక్క మీద సన్నటి గీతలున్నాయి, కొత్త చెవి చేసినప్పుడల్లా దాని పళ్ళు నాన్న అక్కడ గీసి చూసుకునేవాడు, కింది వరసలో గీతలు లోతుగా తిన్నగా ఉన్నాయి, పైకి వచ్చేసరికి వంకర్లు పోయాయి, చేయి వణికినట్టు, ఇంకా పైకి వస్తే మళ్ళీ తిన్నగా ఉన్నాయి. మళ్ళీ తిన్నగా. ఎన్నిసార్లు చూశాను ఈ చెక్కను, ఇప్పుడు చూస్తున్నానేమిటి. వణికిన చేయి మళ్ళీ కుదురుకోదు కదా. అవి నాన్నవి కావు. నావీ కావు, అప్పటికి నేను వేరు పోయి రైల్వే గేటు దగ్గర నా సొంత తాళాల బల్ల పెట్టుకున్నాను. సాక్షి ఎవరమ్మా అన్నాడు మా వకీలు. తలుపు చెక్కను బోనెక్కించలేరు కదా. తిరిగి తెచ్చుకోలేని నష్టం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థం కాలేదు, ఇటుకలు మళ్ళీ కట్టుకోవచ్చు, తలుపు మళ్ళీ చేయించుకోవచ్చు, ఏది తిరిగి రాదు అని అడిగాను కూడా. యంత్రం వస్తే మొదట ఈ తలుపే పడుతుంది.

జేబులో ఫోను మోగింది. మా వకీలు. గుసగుసగా, కానీ గబగబా మాట్లాడాడు. "స్టే ఇచ్చేశారు. పక్కనే ఉన్నాను, విన్నాను. కాగితం టైపవుతోంది, మీ అక్క చేతికి వస్తుంది, అక్కడికి రావడానికి కాస్త సమయం పడుతుంది. ఈలోగా మీరు లోపల అడుగు పెట్టేశారనుకోండి, స్వాధీనం అయిపోయినట్టే, ఇక ఆపడానికి ఏమీ మిగలదు. తాళం తీశారా లేదా?" అన్నాడు.

"చూస్తున్నాను" అన్నాను.

"చూడటమేమిటి, తీయండి!" అన్నాడు, పెట్టేశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాను. చేయి మళ్ళీ తాళం మీదికి వెళ్ళింది. సంతోషం వేసిందా? వేసింది, ఒక్క క్షణం, గుండె మీది బరువు దిగినట్టు. ఆ వెనకే ఉక్రోషం. అంటే మళ్ళీ మొదటికే వచ్చామా, మళ్ళీ వాయిదాలు, మళ్ళీ అక్క బోనెక్కి అవే మాటలు, ఈసారి జడ్జి నమ్మితే? లాగెయ్, ఒక్క గుంజు, చిన్నప్పట్నుంచీ చేస్తున్నదేగా, అంది ఒక బుద్ధి. అమీను గారికి చెప్పెయ్, స్టే వచ్చిందని, అంది ఇంకో బుద్ధి. రెండోది చేశాను, చేసినట్టు చేశాను. "అమీను గారూ, ఒకవేళ స్టే వచ్చిందని ఎవరైనా ఫోనులో చెబితే?" అని అడిగాను.

"నోటి మాట మీద నేను ఆగలేను బాబూ. కాగితం కళ్ళతో చూడాలి" అన్నారు ఆయన, బూటులోంచి పాదం బయటికి తీసి వేళ్ళు ఆడిస్తూ. "వచ్చిందా ఏం?"

"లేదు, ఊరికే అడిగాను" అన్నాను. ఎందుకు అబద్ధమాడానో చూడండి. నిజం చెప్పినా ఆయన ఆగరు, అబద్ధం చెప్పినా ఆగరు, ఆపగలిగింది నా ఎడమ బొటనవేలు ఒక్కటే. అది కూడా వణకడం మొదలుపెట్టింది. నాన్నకు కూడా మొదట బొటనవేలే.

"బావా, ఇంకెంతసేపు?" బావమరిది మలుపు దగ్గర్నుంచి వచ్చేశాడు, చొక్కా చేతులు మడుచుకుంటూ. "నీవల్ల కాకపోతే చెప్పు, నేనొక్కసారి లాగి చూస్తాను, పాత తాళాలు ఒక్కోసారి లాగితే వచ్చేస్తాయి" అని వంగి చేయి పెట్టబోయాడు. నేను వాడి మణికట్టు మీద ఫెడీమని కొట్టాను. జీవితంలో ఎప్పుడూ వాడి మీద చేయెత్తలేదు, ఇంటికి వెళ్ళాక నా భార్య నాతో మాట్లాడుతుందో లేదో. "ముట్టుకోకు! మా నాన్న తాళం అది" అని అరిచాను. పోలీసులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టైలరు కుట్టు మిషను ఆపేశాడు. అమీను గారు పాదం మళ్ళీ బూటులో పెట్టుకుని లేచి నా దగ్గరికి వచ్చారు, వంగి తాళాన్ని చూశారు, నా బొటనవేలిని చూశారు, చాలాసేపు చూసినట్టే అనిపించింది. ఎన్ని తలుపులు చూసి ఉంటారు ఆయన, ఎన్ని తాళాలు.

"మేస్త్రీ, ఒక్క మాట చెప్పండి. తీయగలరా, తీయలేరా?" అన్నారు.

వీధి వీధంతా నా వైపే చూస్తోంది. నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళే సగం మంది, వీళ్ళ తాళాలు నేను తీసినవే, బీరువా చెవి పోయిందని టైలరు నిరుడు నన్నే పిలిచాడు. వీళ్ళందరి ముందూ.

"తీయలేనండీ. ఈ పని నా చేతికి రాలేదు" అన్నాను.

బావమరిది తల పట్టుకున్నాడు. "సుత్తి తెస్తాను, రెండు నిమిషాలు" అన్నాడు. పగలగొట్టమని గెలిచినాయన అడిగితే పగలగొట్టిస్తాను, అడుగుతున్నారా అని అమీను గారు నన్నే అడిగారు. ఇవాళ్టికి వద్దన్నాను. ఆయన ఫైలు మోకాలి మీద పెట్టుకుని పెన్ను తీశారు, రాయబోయి ఆగారు. "చూడండి, తాళాల పని తెలిసి ఉండీ తీయలేకపోయాను అని మీరు చెప్పినట్టు రాస్తే ఇది కోర్టు రికార్డులోకి వెళ్తుంది. మీ కేసేమిటో నేను వారంటుతో పాటు చదివాను. ఆలోచించుకుని సంతకం పెట్టండి" అన్నారు మెల్లగా. నా పని ఎవరి చేతికి వచ్చిందో ఆ బిడ్డకు. ఆలోచించుకోవడానికి బుర్రంటూ ఉండాలి కదా, అది ఎప్పుడో గిర్రున తిరిగి ఎక్కడో పడిపోయింది. కుడి చేత్తో సంతకం పెట్టాను, ఎడమ చేయి తాళం మీద నుంచి తీయకుండానే, అక్షరాలు వంకరగా వచ్చాయి.

అక్క వచ్చేసరికి యంత్రం వెనక్కి వెళ్తోంది. దాని పక్కనుంచి పరుగులాంటి నడకతో వచ్చింది, కాగితాన్ని రెండు చేతులతో గుండెలకు ఆనించుకుని, ఎవరైనా లాక్కుంటారన్నట్టు. అమీను గారు కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి, "వచ్చే వాయిదా వరకు స్టే అమ్మా. తర్వాతి సంగతి తర్వాత" అన్నారు. నేను ఏం రాయించానో కూడా ఆయనే చెప్పారు, చెప్పాల్సిన బాధ్యత ఉందన్నట్టు. అక్క నా వైపు చూడలేదు. వాళ్ళందరూ వెళ్ళారు, బావమరిది నాతో మాట్లాడకుండా వెళ్ళాడు. ఇక బొటనవేలు తీయొచ్చు, తీశాను, తాళం మాత్రం అలాగే వేలాడుతోంది, వేసినట్టే. అక్క మెట్టెక్కింది, సంచీలోంచి తాళంచెవి తీసి కన్నంలో పెట్టింది, తిప్పబోయింది, తిరగలేదు. చెవి పట్టుకునే నిలబడిపోయింది. ఆవిడ చెవుల వెనక ఎరుపెక్కడం నాకు కనబడింది.

"ఎప్పుడు తెలిసింది?" అంది, తలుపుతో మాట్లాడుతున్నట్టు.

"పుల్ల పెట్టగానే."

"మరిచిపోయావా అక్కా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఏమోరా. పొద్దున కంగారులో చేయి దానిపాటికది తగిలించేసింది" అంది. తర్వాత, "నువ్వు సంతకం పెట్టిన ఆ కాగితం మా వకీలు చూస్తే వదలడు. నేను చెప్పినా వదలడు" అంది. బెదిరించిందో బాధపడిందో గొంతును బట్టి తెలియలేదు. తాళం ఒక్క గుంజు గుంజింది, వచ్చేసింది, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

నేను పుల్లలన్నీ సంచీలో పెట్టుకున్నాను. ఒక్కొక్కటీ తుడిచి మరీ పెట్టాను, పోవాల్సినవాడు అంత నెమ్మదిగా సర్దుకోడు. ఇక లోపల గడియ పడుతుంది. ఆ చప్పుడు నాకు తెలుసు, బరువైన ఇనప గడియ, నాన్నే చేశాడు, పడితే మెట్టు కూడా అదురుతుంది. అది పడితే నేను లేచి నా దారిన నేను వెళ్ళొచ్చు, గెలిచినవాడిగానో ఓడినవాడిగానో, ఏదో ఒకటి తేలుతుంది. చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. లోపల ఆకురాయి ఇనుము మీద నడవడం మొదలైంది. గడియ పడలేదు. నేను ఇంకా మెట్టు మీదే ఉన్నాను.